పిల్లి తుమ్ము, పిల్లి తిండి: కోలారు గనుల సీమలో ఒక పరిశీలన

వేసవి ముదిరి గాలి విసురుగా వీచు దినములలో కోలారు బంగారు గనుల పట్టణముపై సన్నని దుమ్ము లేచును. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్, మారికుప్పము మొదలగు భాగములలో అది గడపలమీదను, ఆరవేసిన బట్టలమీదను, మూతలేని పాత్రలలోను పడుచుండును. గనులనుండి తీసిన రాతిని మెత్తగా పొడిచేసి, సయనైడు ద్రావణముతో బంగారమును లాగివేసిన పిదప మిగిలిన పిండియే ఈ దుమ్మునకు మూలము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇచట ఆధునిక పద్ధతిని త్రవ్వకము ప్రారంభించినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు, నూట ఇరువది సంవత్సరముల కాలములో పోగైన ఆ పిండి మూడు కోట్ల టన్నులకు పైబడి గుట్టలు గుట్టలుగా నిలిచియున్నది. స్థానికులు వీనిని సైనైడు దిబ్బలందురు.

ఇట్టి ఊరిలో పిల్లి తుమ్మినచో ఇంటివారి చూపు మొదట దిబ్బవైపు పోవుట సహజము. దుమ్ము పట్టినదని అనుకొందురు. గాలి తగ్గినచో తుమ్మును తగ్గునని ఊరకుందురు. ఈ సమాధానములో కొంత నిజము లేకపోలేదు. కాని దానిని నమ్మి రెండుమూడు దినములు గడపుటవలననే పెక్కు పిల్లికూనలు చనిపోవుచున్నవి. తుమ్మునకు కారణము దుమ్మా, వ్యాధియా యని వేరుపరుచుట ఎట్లు, తుమ్ముచున్న పిల్లి తిండి మానుట ఎందులకు అంత ప్రమాదము, అసలు పిల్లికి తగిన తిండి యేది అను మూడు ప్రశ్నలును పరస్పరము ముడివడియున్నవి. వీనిలో మూడవదియే పెద్దది.

ముందుగా దుమ్ము మాట. ‘సైనైడు దుమ్ము’ అను పేరు వినువారికి భయము గొల్పును గాని, సయనైడు ఎండకును గాలికిని క్రమముగా విచ్ఛిన్నమై పోవు పదార్థము. ఏండ్ల తరబడి ఎండిన దిబ్బలలో మిగిలినది హెచ్చుభాగము రాతిపిండి, అనగా సిలికా. ఆ సిలికాయే గనికార్మికుల ఊపిరితిత్తులను పట్టి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించినది. గనిలోపలి పొడి మిక్కిలి సూక్ష్మము. మీటరులో పదిలక్షవ వంతును ఒక మైక్రాను అందురు, ఐదు మైక్రానులకు తక్కువగు రేణువులు మాత్రమే ముక్కు దాటి ఊపిరితిత్తుల అడుగునకు చేరును. దిబ్బలనుండి లేచి ఇండ్లలో పడు దుమ్ములో ముతకరేణువులే అధికము. వాటిని ముక్కులోని తడిపొర పట్టివైచును. తుమ్ము వాటిని బయటకు నెట్టును. ఈ విధమున చూచినచో దుమ్మునకు తుమ్ముట వ్యాధి కాదు, ముక్కు తన పని తాను చేయుటయే. పిల్లి ముక్కు నేలకు జానెడు ఎత్తున నుండుటచేతను, అది తన ఒంటిమీది దుమ్మును నాలుకతో తుడిచికొనుటచేతను, మనుష్యునికంటె దానికి ఈ బాధ కొంత హెచ్చు. సాంబ్రాణి పొగయు, అగరువత్తులును, మిరపకాయల తాలింపు ఘాటును ఇట్టివే.

దుమ్ము తుమ్మునకు కొన్ని లక్షణములు కలవు. అది గాలితో వచ్చి గాలితో పోవును. ముక్కునుండి కారునది నీరువలె తేటగా నుండును, రెండు రంధ్రములనుండియు సమముగా వచ్చును. కన్నులు కొంచెము చెమర్చినను పుసి కట్టవు. అన్నిటికంటె ముఖ్యముగా, పిల్లి యథాప్రకారము తినును, ఆడును. ఇంటిలో వేరొక పిల్లి యున్నచో, దానికి ఈ తుమ్ము అంటుకొనదు. దుమ్ము ఒకదానినుండి మరియొకదానికి సోకునది కాదుగదా!

సోకునది వేరొకటి కలదు. పిల్లుల తుమ్ములలో అధికభాగమునకు కారణము రెండు వైరసులు. ఒకటి పిల్లులకు ప్రత్యేకమైన హెర్పిస్ వైరసు. 1958లో అమెరికాలో క్రాండెల్, మౌరర్ అను శాస్త్రజ్ఞులు దీనిని వేరుపరచిరి. రెండవది కాలిసి వైరసు; దీనిని అంతకు ఒక సంవత్సరము ముందు న్యూజిలాండులో ఫాస్టియర్ కనుగొనెను. హెర్పిస్ సోకిన రెండు మొదలు ఆరు దినములలో తుమ్ములు ఆరంభమగును. పిదప జ్వరము వచ్చును, కన్నులు ఎఱ్ఱబారి పుసి కట్టును, ముక్కునీరు చిక్కబడి పసుపుపచ్చని చీమిడియగును. కాలిసి వైరసు సోకినచో నాలుకమీద పుండ్లు లేచుట, చొంగ కారుట కానవచ్చును. ఈ వైరసులు మనుష్యులకు సోకవు. పిల్లినుండి పిల్లికి తుమ్ముతుంపరలవలనను, ఒకే పళ్లెములో తినుటవలనను, పెంచువారి చేతులవలనను, బట్టలవలనను ప్రాకును. హెర్పిస్ వైరసు బయట ఒకదినమునకు మించి బ్రతుకదు. కాలిసి వైరసు మొండిది, వారములకొలది నిలువగలదు. దానికి సబ్బునీరు చాలదు, తగినంత పలుచబరచిన బ్లీచింగు ద్రావణముతో పళ్లెములను, నేలను కడిగి, పిదప మంచినీటితో తొలచవలెను.

హెర్పిస్ వైరసునకు ఒక దుర్గుణము కలదు. పిల్లి కోలుకొన్న తరువాతను అది పోదు. ముఖమునకు చేరు నాడుల మొదళ్లలో నిద్రించుచుండును. ఇల్లు మారినపుడు, క్రొత్తపిల్లి వచ్చినపుడు, ఈనినపుడు, యజమాని విడిచిపోయినపుడు అది మేల్కొని మరల తుమ్మించును. ‘ప్రతి వేసవికిని మా పిల్లికి దుమ్ము పడదు’ అని చెప్పుకొనువారి ఇండ్లలో కొన్నింట దిబ్బ దుమ్ము కేవలము నిద్రపోవుదానిని లేపుటకు సాయపడునదియే గాని అసలు కారణము కాదు. తల్లికి నిద్రించుచున్న వైరసు ఈత సమయమున మేల్కొని కూనలకు సోకును. పాలత్రాగు వయస్సులో తల్లినుండి వచ్చిన రక్షణ కొన్ని వారములలో తరిగిపోవును. ఆ సందులో కూనలు చిక్కుకొనును. అందుచేతనే ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున టీకా ఆరంభించి, మూడు నాలుగు వారములకొకమారు పదునారవ వారము దాటువరకు వేయింపవలెనని పశువైద్యులు చెప్పుదురు. టీకా వైరసును పూర్తిగా అడ్డలేదు, కాని వ్యాధి తీవ్రతను మిక్కిలి తగ్గించును.

మూడవ తెగ తుమ్ములు కొన్ని కలవు. ఒక ముక్కురంధ్రమునుండి మాత్రమే చీమిడియో నెత్తురో కారుచున్నచో అది దుమ్మును కాదు, ఈ వైరసును కాదు. గడ్డిపరక ముక్కులో చిక్కియుండవచ్చును. పైదంతము మొదలు చీము పట్టియుండవచ్చును. ముదుసలి పిల్లియైనచో కంతియు కావచ్చును. ఇట్టిది ఇంటివైద్యమునకు లొంగదు.

ఇంటివైద్యము మాట వచ్చినది గనుక కోలారు జిల్లాకు ప్రత్యేకమగు ఒక సంగతిని ఇచటనే చెప్పుట మేలు. ఈ జిల్లా మెట్టభూములలో నీలగిరి చెట్లు, జామాయిలు అని తెలుగుసీమలో పిలుచునవి, వేలకొలది ఎకరములలో నాటబడినవి. భూగర్భజలమును పీల్చివేయుచున్నవను కారణముచేత 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నాటుటను నిషేధించెను. జలుబునకు ఆ తైలమును వేడినీటిలో వేసి ఆవిరి పట్టుట ఇచటివారికి పరిపాటి. పిల్లికిని ఆవిరి మేలే. కాని వట్టి నీటి ఆవిరి మాత్రమే. నీలగిరి తైలము పిల్లికి విషము. మనుష్యుని కాలేయమువలె పిల్లి కాలేయము కొన్ని పదార్థములను గ్లూకురోనిక్ ఆమ్లముతో జోడించి విసర్జింపలేదు. ఈ లోపమువలననే జ్వరపుమాత్ర, అనగా పారాసిటమాల్, పిల్లికి ప్రాణాంతకము. సగము మాత్రయు చాలును చంపుటకు. నెత్తురు గోధుమవన్నెకు మారి, ముఖము వాచి, ఒకటి రెండు దినములలో పిల్లి చచ్చును. పిల్లికి జ్వరము వచ్చినదని జాలిపడి మాత్రను పాలలో కలిపి పోయువారు తెలియక చేయునది ఇదియే.

తుమ్ముచున్న పిల్లి తిండి మానుటకు కారణము వాసన తెలియకపోవుటయే. పిల్లి రుచిచూచి తినునది కాదు, వాసనచూచి తినునది. ముక్కు మూసికొనిపోయినచో ముందుంచిన పదార్థము తిండియని దానికి తోచదు. మనుష్యుడు నాలుగు దినములు లంఘనము చేయగలడు. ‘లంఘనము పరమౌషధము’ అను మాట పిల్లికి వర్తింపదు. బొద్దుగానున్న పిల్లి మూడు నాలుగు దినములు పస్తున్నచో ఒంటిలోని క్రొవ్వు కరగి కాలేయమునకు చేరి అచట పేరుకొనును, కామెర్లు వచ్చును. కూనలయెడల గడువు ఇంకను తక్కువ. ఒక దినము తినని కూనను, రెండు దినములు తినని పెద్దపిల్లిని వైద్యునికి చూపకుండుట తగదు. ముక్కులోని పొర ఆరోగ్యముగా నుండుటకు విటమిన్ ‘ఏ’ అవసరము. అది కొరవడినచో ఆ మెత్తని తడిపొర చర్మమువలె బిరుసెక్కి వ్యాధులకు దారి యిచ్చును. కాబట్టి తుమ్మునకు ముందే పిల్లి యేమి తినుచుండెనను ప్రశ్నయు పుట్టుచున్నది.

కోలారు జిల్లా పల్లెలలో తెలుగువారి యిండ్లలో పిల్లికి పెట్టునది రాగిసంకటి ముద్దలో ఒక తునక, లేక పాలో మజ్జిగయో కలిపిన అన్నము. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలో తరతరములుగ ఇట్లే జరిగినది. పిల్లులును బ్రతికినవి, ఈనినవి, ముసలివైనవి. ఈ అనుభవమునుబట్టి అన్నమును పాలును పిల్లికి చాలునని తలచుట సులభము. కాని పల్లెపిల్లి బ్రతికినది సంకటితో కాదు. సంకటి మూటల చాటున తిరుగు ఎలుకతో. ఇంటివారు పెట్టినది పిల్లిని ఇల్లు విడువకుండ చేయు జీతము వంటిది. దాని అసలు భోజనము ధాన్యపు గాదెలక్రింద, గడ్డివామిలో, గోడ కన్నములలో దొరకుచుండెను.

ఎలుకకును పిల్లికిని గల ఈ సంబంధమును ఒకప్పుడు వైద్యులును గణనకు తెచ్చిరి. 1898లో బెంగుళూరునకు వచ్చిన ప్లేగు గనుల ప్రాంతమునకును భయకారణమయ్యెను. జనసమ్మర్దము గల ఊళ్లను విరళముగ కట్టవలెనను ఆలోచనకు అది దోహదమిచ్చెను. మైసూరులో రెసిడెంటుగా నుండిన డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేర వెలసిన రాబర్ట్‌సన్‌పేట తిన్నని వీథులతో ఆ కాలముననే రూపొందినది. ప్లేగు ఎలుకలవలన వ్యాపించునని తేలిన పిమ్మట, బేరారులోని అమరావతిలో వైద్యాధికారిగా నుండిన ఆండ్రూ బుకానన్, పిల్లులు హెచ్చుగా నున్న పల్లెలలో ప్లేగు తక్కువగా నున్నదని గమనించి, ఇంటింట పిల్లిని పెంచుడని 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. పిల్లికిని ప్లేగు సోకునని, దానినుండి మనుష్యునికి రావచ్చునని తరువాత తెలిసినది గనుక ఆ సలహా నేడు నిలువదు. కాని ఎలుకను తినుటకు పిల్లి యుండవలెనను వాదములో, పిల్లి తినవలసినది ఎలుకయే అను సత్యము ఇమిడియున్నది.

నేడు గనుల పట్టణములో పరిస్థితి మారినది. గనులు మూతపడిన తరువాత వేలకొలది జనులు తెల్లవారుజామున మారికుప్పము రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. పిల్లి తలుపులు మూసిన ఇంటిలో దినమంతయు ఒంటరిగా నుండును. ఉదయము పెట్టిన పాలన్నమే దాని సర్వస్వము. ఎలుక దొరకదు. అదే పాలన్నము, పల్లెలో హాని చేయనిది, ఇచట పిల్లిని మెల్లమెల్లగా చంపుచున్నది.

ఇది యెట్లు జరుగునో చూడదగును. పిల్లి కేవలము మాంసాహారి. కుక్కయు మాంసము తినును గాని అది అన్నముతోను సరిపెట్టుకొనగలదు. పిల్లికి ఆ శక్తి లేదు. మనుష్యుడు క్యారెట్టును, బచ్చలిని తిని అందలి కెరోటీనును విటమిన్ ‘ఏ’గా మార్చుకొనును. పిల్లి మార్చుకొనలేదు, దానికి ఆ విటమిను జంతువుల కాలేయమునుండి, గ్రుడ్డునుండి, పాలవెన్ననుండి సిద్ధముగా రావలెను. అరాకిడోనిక్ ఆమ్లమను క్రొవ్వును, నియాసిన్ అను విటమినును అది చాలినంతగా తయారుచేసికొనలేదు. రాగిలో కాల్షియము సమృద్ధిగా నున్నమాట నిజమే. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాములు కలదు, బియ్యమున దానిలో పదియవ వంతైనను లేదు. అయినను రాగి పిల్లికి పైన చెప్పినవానిలో ఏ ఒక్కటియు ఇయ్యలేదు. ఇక పాలు. కోలారు పాలకు పెట్టినది పేరు. కాని ఈడువచ్చిన పిల్లులలో అనేకమునకు పాలలోని చక్కెర జీర్ణము కాదు, విరేచనములగును. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగునను సామెత దానికి పాలపై గల మక్కువను చెప్పునే గాని, పాలు దానికి హితమని చెప్పలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది టారిన్. 1827లో టీడెమన్, గ్మెలిన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దీనిని ఎద్దు పైత్యరసమునుండి తీసిరి. ఎద్దునకు లాటిను పేరు టారస్ గనుక దీనికి ఆ పేరు వచ్చినది. నూటయేబది సంవత్సరములవరకు దీని ప్రాముఖ్యమును ఎవ్వరును గుర్తింపలేదు. 1975లో హేస్ మొదలగువారు, పాలలోని కేసీన్ అను మాంసకృత్తితో మాత్రమే పెంచిన పిల్లుల కన్నులలోని రెటీనా చెడి అవి గ్రుడ్డివగుటను, దానికి టారిన్ లోపమే కారణమగుటను నిరూపించిరి. 1987లో పాల్ పియాన్ మరికొందరు, పిల్లులలో గుండె కండరము సడలి పెద్దదై చచ్చుటకు మూలము టారిన్ కొరతయే యనియు, టారిన్ ఇచ్చినచో ఆ గుండె కోలుకొనుననియు చూపిరి. ఆనాటికి విపణిలో అమ్మబడుచుండిన సీమ డబ్బా తిండ్లు తినిన పిల్లులకును ఈ జబ్బు వచ్చుచుండుట అందరిని ఆశ్చర్యపరచినది. పెద్దపిల్లికి దినమునకు సుమారు 50 మిల్లీగ్రాముల టారిన్ కావలెను. అన్నములో అది శూన్యము, పాలలో అత్యల్పము. రెటీనా ఒకసారి చెడినచో తిరిగి రాదు. పిల్లి చీకటిలో గోడకు తగులుకొనుచున్నదని ఇంటివారు కనిపెట్టునప్పటికే ఆలస్యమై యుండును.

పచ్చిమాంసమే పిల్లికి తగినదను వాదమునకు ఇదియే బలము. దీనిని నేడు పట్టణములలో పెక్కుమంది పాటించుచున్నారు. ఈ వాదమునకు పూర్వచరిత్రయు కలదు. కాలిఫోర్నియాలోని మన్రోవియాలో ఫ్రాన్సిస్ పాటెంజర్ అను వైద్యుడు 1932 మొదలు 1942 వరకు వందలకొలది పిల్లులపై పరిశీలన జరిపెను. పచ్చిమాంసము, పచ్చిపాలు తినినవి తరతరములకు ఆరోగ్యముగా నుండెను. ఉడికిన మాంసము తినినవాని సంతతి రెండు మూడు తరములలో క్షీణించెను. వేడి మాంసములోని జీవశక్తిని చంపివేయునని కొందరు దీనినుండి తీర్మానించిరి. టారిన్ సంగతి ఆనాటికి తెలియదు. టారిన్ నీటిలో కరగునది. మాంసమును నీటిలో ఉడికించి ఆ రసమును పారబోసినచో దానితో టారిన్ సగమువరకు పోవును. కాబట్టి పాటెంజర్ పిల్లులను చెరచినది నిప్పు కాదు, టారిన్ నష్టమని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలచుచున్నారు. ఈ భేదము చిన్నది కాదు. నిప్పే దోషియైనచో పచ్చిమాంసము తప్ప వేరు గతి లేదు. లోపము దోషియైనచో దానిని పూరింపవచ్చును.

పచ్చిమాంసము పెట్టువారిలో పెక్కుమంది చేయు తప్పు వేరొకటి. వారు పెట్టునది ఎముకలేని కోడి రొమ్ముమాంసము. అది మెత్తన, శుభ్రము, చూచుటకు ఇంపు. కాని పిల్లి ప్రకృతిలో తినునది మాంసము కాదు, ఎలుకను తినును. ఈ రెండింటికి ఎంత భేదమో లెక్కించిన తెలియును. చిట్టెలుకలో మాంసముతోపాటు ఎముక, కాలేయము, గుండె, మెదడు, నెత్తురు అన్నియు కలవు. దాని బరువులో మూడింట రెండువంతులు నీరు. అందుచేతనే ఎలుకలు తినుపిల్లి నీరు తక్కువ త్రాగును. దాని కాల్షియమును భాస్వరమును దాదాపు సమానము, కాల్షియము కొంచెము హెచ్చు. ఎముకలేని మాంసములో నూరు గ్రాములకు భాస్వరము సుమారు 200 మిల్లీగ్రాములుండగా కాల్షియము పది మిల్లీగ్రాముల మాత్రము, ఇరువదికి ఒకటి. ఇట్టి మాంసమునే తిని పెరుగు కూన తన నెత్తురులోని కాల్షియమును నిలుపుకొనుటకు తన ఎముకలనే కరగించుకొనును. కొన్ని వారములలో నడక కుంటుపడును. బల్లమీదనుండి దుమికినచో కాలు విరుగును. యజమాని తన పిల్లికి అన్నిటికంటె ఖరీదైన తిండి పెట్టుచున్నానని సంతోషించుచునే యుండును. నాలుగు కిలోల పిల్లికి దినమునకు సుమారు 240 కిలోకాలరీల శక్తి కావలెను, ఒక చిట్టెలుక సుమారు 30 ఇచ్చును. ఎనిమిది ఎలుకలు! పిల్లి దినమునకు ఒక్కమారు కాక పదిమారులు కొంచెము కొంచెముగ తినగోరుటకు కారణమిదియే.

అందుచే ఇంట తయారుచేయువారు ఎలుకను కొలబద్దగా పెట్టుకొనవలెను. మాంసపు అంగడిలో అడుగవలసినది రొమ్ము కాదు, కోడి తొడ. తొడలోని ముదురుమాంసమున టారిన్ రొమ్ములోకంటె అనేకరెట్లు హెచ్చు. గుండెకాయలు దొరకినచో ఇంకను మేలు. కార్జము కావలెను, కాని నూటికి ఐదు వంతులు మించరాదు. కార్జమును ప్రీతితో తినుచున్నదని నిత్యము అదే పెట్టినచో విటమిన్ ‘ఏ’ మితిమీరి మెడ వెన్నుపూసలు అతుకుకొనిపోవును. 1960 దశకమున ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇట్టి పిల్లులను వర్ణించిరి. మెడ త్రిప్పలేని పిల్లి తన ఒంటిని నాకికొనలేదు, బొచ్చు జడకట్టును. ఎముకకు బదులుగా గ్రుడ్డు పెంకును కడిగి, ఎండబెట్టి, పిండివలె నూరి కిలో మాంసమునకు సుమారు 6 గ్రాములు కలిపినచో కాల్షియము భాస్వరమునకు సరితూగును. ఎముకనే పెట్టదలచువారు పచ్చిదానిని యంత్రమున మెత్తగా రుబ్బింపవలెను. ఉడికిన ఎముక పెళుసై చీలి గొంతునకు, ప్రేగులకు గుచ్చుకొనును. ఇంతటితో సరిపోవునని అనుకొనరాదు. అయోడిను, మాంగనీసు, విటమిన్ ‘ఈ’, ‘డి’ మొదలగునవి ఈ మిశ్రమములో కొరవగానే యుండును. వానికొరకు పశువైద్యుని అడిగి కొలత ప్రకారము పొడిమందు కలుపుట తప్పనిసరి. ‘ఇన్ని పాళ్లు మాంసము, ఇన్ని పాళ్లు ఎముక, ఇన్ని పాళ్లు కార్జము’ అని నోటిలెక్కతో చెప్పు సూత్రములు సగము దారి మాత్రమే.

చేపల విషయమున ఒక హెచ్చరిక అవసరము. కోలారు చెరువుల సీమ. వానలు కురిసిన ఏట చేపలు చవుకగా దొరకును. పిల్లి చేపను చూచి విడువదు. కాని కొన్ని జాతుల పచ్చిచేపలో థయమినేస్ అను పదార్థము విటమిన్ ‘బి1’ను నాశము చేయును. మత్స్యశాఖవారు చెరువులలో విడుచు బంగారుతీగ చేప అట్టిదే. బంగారు సీమకు తగిన పేరు గాని పిల్లికి తగిన తిండి కాదు. పచ్చిగా నిత్యము పెట్టినచో పిల్లి తల వంచుకొని, తూలి, మూర్ఛలు పోవును. ఉడికించినచో థయమినేస్ నశించును, చేప నిర్దోషమగును. పచ్చిమాంసవాదము ఎచట తప్పునో తెలుపుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

పచ్చిమాంసమునకు మరియొక ప్రమాదము, ఇంటివారికిని సంబంధించినది, కలదు. ఉదయము కోసి, ఈగల మధ్య వ్రేలాడి, మధ్యాహ్నము అమ్ముడుపోవు మాంసములో సాల్మొనెల్లా మొదలగు సూక్ష్మజీవులు పెరుగును. ఎలుకను పిల్లి చంపిన మరుక్షణమే తినును. అంగడి మాంసమునకు ఆ తాజాతనము ఎక్కడిది? టాక్సోప్లాస్మా అను జీవి పచ్చిమాంసమునుండి పిల్లికి చేరి, దాని మలములో వెలువడి, గర్భిణీ స్త్రీలకు హాని చేయగలదు. కొన్ని దినములు మంచుపెట్టెలో గడ్డకట్టించినచో ఇది చచ్చును గాని సూక్ష్మజీవులును వైరసులును చావవు. ఇటీవల కోళ్ల ఫ్లూ ఈ భయమును ఇనుమడింపజేసినది. 2023లో పోలండు దేశమున పెంపుడు పిల్లులు ఈ వ్యాధితో చనిపోయెను. అమెరికాలో 2024–25లో పచ్చి కోడిమాంసపు తిండి తినిన పిల్లులు చచ్చెను. 2025 ఆరంభమున మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లులలో ఇది కనుగొనబడినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే, 2007 వరకు కోలారు జిల్లాలో భాగమై యుండిన చిక్కబళ్లాపురము జిల్లాలో కోళ్లకు ఈ ఫ్లూ సోకినది. ఈ వ్యాధి పట్టిన పిల్లికి జ్వరము, ఆయాసము, తూలుట, గ్రుడ్డితనము వచ్చును. ముక్కు కన్ను కారుటయు ఆరంభ లక్షణములలో ఒకటి. దుమ్ము తుమ్మని ఊరకుండుటకు వీలులేని మరియొక కారణమిది.

వీనినన్నిటిని తూచి చూచినచో, ఈ సీమ ఎండలకు, ఇచటి అంగళ్ల తీరునకు తగిన మార్గము నడిమిది. ఎలుక కూర్పును గైకొనవలెను, పచ్చితనమును విడువవలెను. తొడమాంసమును, గుండెకాయను, కొద్ది కార్జమును తక్కువ నీటితో సన్నని సెగపై లోపలివరకు ఉడికించి, ఆ రసమును పారబోయక మాంసముతోనే కలిపి, చల్లారిన పిదప పెంకుపొడిని, టారిన్‌ను, వైద్యుడు చెప్పిన పొడిని చేర్చినచో పోయినది పూరింపబడును, భయమును తొలగును. ఉప్పు, కారము, ఉల్లి, వెల్లుల్లి తగులరాదు. ఉల్లిజాతి పిల్లి నెత్తురులోని ఎఱ్ఱకణములను పగులగొట్టును. ఇంటివారు తిను కూరలోని ముక్కను కడిగి పెట్టినను ఉల్లిరసము విడువదు. ఇంత శ్రమ పడలేనివారికి అంగడిలో దొరకు, పిల్లులకు సంపూర్ణాహారమని ముద్రింపబడిన తయారీ తిండియే, అరకొర పచ్చిమాంసముకంటెను, పాలన్నముకంటెను మేలు. ఇందులో చిన్నతనపడవలసినది లేదు.

తుమ్ముచున్న పిల్లికి తిండి పెట్టుటలో ఒక మెలకువ కలదు. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ముక్కును, కన్నులను మెల్లగా తుడిచి, వేడినీటి ఆవిరి నిండిన స్నానపుగదిలో పది నిమిషములుంచినచో చీమిడి కరగును. వెంటనే తిండిని ఒంటివేడికి, అనగా ఇంచుమించు 38 డిగ్రీలకు, వెచ్చచేసి ముందుంచవలెను. చల్లనిదానికి వాసన లేదు, పట్టుకొన్నప్పటి ఎలుక వేడియే పిల్లికి తెలిసిన వాసన. మాంసరసమును పెదవులకు రాసినచో నాకును, నాకినచో తినవచ్చును. నోటిలో బలవంతముగా పోయరాదు, ఊపిరితిత్తులలోనికి జారును. ఇతర పిల్లులున్న ఇంట రోగిని వేరుగదిలో నుంచి, దాని పళ్లెమును చివరగా కడిగి, చేతులు కడుగుకొని గాని కూనలను తాకరాదు. రైలునకు పోవువారు తెల్లవారుజామున పళ్లెములో పెట్టినది ఎంత, రాత్రి వచ్చుసరికి మిగిలినది ఎంత అని చూచుకొనవలెను. పళ్లెము ముట్టనిదిగా ఒక దినము కూనయెడల, రెండు దినములు పెద్దదానియెడల గడచినచో, దిబ్బపై గాలి వీచుచున్నను లేకున్నను, ఊరి పశువైద్యశాలకో, అవసరమైనచో హెబ్బాళమున 1958లో స్థాపింపబడిన పశువైద్య కళాశాలకో అదే రైలున కొనిపోవలెను.